ఎనిమిదో మూల

నర్సీపట్నంలో సన్యాసాచారి అనే వడ్రంగి ఉండేవాడు. చేతిపనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు గాని, తనకు తెలియని సంగతి ఒకటుందని ఒప్పుకోవాలంటే మాత్రం అతనికి ప్రాణం పోయినట్టుండేది.

ఒకసారి చోడవరం వెళ్లవలసినవాడు తుని బస్సెక్కాడు. ఏ బస్సు ఎటు పోతుందో పక్కవాణ్ణి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. సాయంత్రం ఒక కట్ట తమలపాకులతో ఇంటికి వచ్చి, "తునిలో ఆకు బాగుంటుందని ప్రత్యేకంగా వెళ్లాను" అన్నాడు. ఆ ఇంట్లో తాంబూలం వేసుకునేవారు ఎవరూ లేరు. భార్య వరహాలమ్మ నవ్వు ఆపుకుని, ఆ ఆకులు పక్కింటావిడకు ఇచ్చేసింది.

ఆ ఏడాది ఊరి గ్రంథాలయానికి కొత్త గది కట్టారు. ఎనిమిది గోడల గది. పాత గదిని కూల్చినప్పుడు దాని టేకు దూలాలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. వాటిని కోయించి, కొత్త గదిలో గోడలు పైకప్పును కలిసేచోట చుట్టూ ఏటవాలుగా ఒక అంచు బిగించాలని గ్రంథపాలకురాలు విమలకుమారి అనుకుంది. ఆ పని ఆమె సన్యాసాచారికి అప్పగించింది.

"ఆచారి గారూ, ఉన్న చెక్క ఇంతే. ఈ దూలాల కింద కూర్చుని మన ఊళ్లో మూడు తరాలు చదువుకున్నాయి. ఇది పాడైతే ఇలాంటిది మళ్లీ దొరకదు" అని చెప్పింది.

"నా చేతిలో పెట్టారుగా. ఇక మరిచిపోండి" అన్నాడు సన్యాసాచారి.

ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాడు. ఎనిమిది చెక్కలు, ఎనిమిది మూలలు. అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ప్రతి చివరనూ పక్కకు ఒక కోణంలోనూ, వాలుకు ఇంకో కోణంలోనూ ఒకేసారి కోయాలి. అలాంటివి పదహారు కోతలు. చేతి రంపంతో అన్నీ ఒకేలా రావు. రెండు కోణాలూ ఒకేసారి కోసే మైటర్ సా అనే మిషన్ ఉంటుందని అతను విన్నాడు. ఎప్పుడూ వాడలేదు. కొనాలని నిర్ణయించుకుని అనకాపల్లి వెళ్లాడు.

దుకాణంలో గోడ పొడవునా మిషన్లు పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకటి ఎర్రగా నిగనిగలాడుతోంది. మీట నొక్కితే చెక్క మీద ఎర్రటి వెలుగు గీత పడుతోంది. సన్యాసాచారి చూపు అక్కడే ఆగిపోయింది.

"ఏం పనికండీ?" అని దుకాణదారు అడిగాడు.

"ఎనిమిది మూలల పని."

"అయితే తల రెండు వైపులా వాలేది కావాలేమో. బేరింగుల మీద జరిగేది చూపించమంటారా, మామూలుదా?"

అతను చెప్పినదాంట్లో సగం సన్యాసాచారికి అర్థం కాలేదు. అయినా తల ఊపాడు. "ఆ, ఆ, అవన్నీ తెలిసినవే" అన్నాడు.

"ఒక ముక్క కోసి చూసుకోండి. చెక్క తెప్పిస్తాను."

"ముప్పై ఏళ్లుగా కోస్తున్నాను. కోత నాకు చూపించాలా?" అని సన్యాసాచారి ఆ ఎర్ర మిషన్‌నే కట్టించుకున్నాడు.

ఇంటి దగ్గర అడ్డంగా కోసి చూస్తే మిషన్ వెన్నలా కోసింది. వీధిలోవాళ్లు వచ్చి చూశారు. సన్యాసాచారి ఛాతీ ఉప్పొంగింది. మర్నాడు టేకు చెక్కలు తీశాడు. ఒక్కొక్కదాన్ని అసలు కొలత కన్నా జానెడు పొడవుగా ఉంచుకున్నాడు. ముందు నేల మీద పేర్చి చూసి, కుదిరాక కొలతకు కోయడం అతని అలవాటు. మిషన్ మీద అంకెలు చూసి కోణాలు పెట్టి, పదహారు కోతలూ కోశాడు. తర్వాత చెక్కలను నేల మీద వరసగా కలుపుకుంటూ వచ్చాడు.

మొదటి మూల కలిసింది. రెండోది, మూడోది కూడా కలిసినట్టే ఉన్నాయి. ఎనిమిదో మూల దగ్గర మాత్రం రెండు చెక్కల మధ్య వేలు దూరేంత సందు మిగిలింది.

సన్యాసాచారి ముఖం మాడిపోయింది. చెక్క సరిగా పట్టుకోలేదేమో అనుకున్నాడు. అన్నింటినీ మళ్లీ కోశాడు. ఈసారి సందు రెండు వేళ్లంత అయింది. కొలిచి చూస్తే, చెక్కలకు అదనంగా ఉన్న పొడవు ఇంకొక్కసారి కోయడానికే సరిపోతుంది. అది కూడా తప్పితే చెక్క గోడకు చాలదు.

అతను పీట మీద కూలబడ్డాడు. వరహాలమ్మ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

"సందులో లప్పం కూరి రంగు వేసేస్తాను. అంత ఎత్తున ఎవరికి కనబడుతుంది?" అన్నాడు.

"కింద నిలబడి తలెత్తిన ప్రతిసారీ మీకు కనబడుతుంది. లప్పం పెట్టిన పని చూపించి, ఇది నేను చేశానని మీరు చెప్పుకోగలరా?" అని వరహాలమ్మ అడిగింది.

సన్యాసాచారి మజ్జిగ ముట్టలేదు. చాలాసేపు ఆ సందు వంకే చూశాడు. చివరికి లేచి కండువా వేసుకున్నాడు.

నేరుగా గ్రంథాలయానికి వెళ్లాడు. విమలకుమారి పుస్తకాలకు అట్టలు వేస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడి, తప్పు చేసినవాడిలా చెప్పాడు.

"అమ్మా, రెండుసార్లు కోశాను. రెండుసార్లూ తప్పింది. ఇంకొక్కసారికే చెక్క మిగిలింది. ఆ మిషన్ సంగతి..." అని ఆగాడు. "ఆ మిషన్ సంగతి నాకు తెలియదు."

ఆ మాట అన్నాక ఆమె కోప్పడుతుందని ఎదురు చూశాడు. ఆమె గుండె గుభేలుమన్న మాట నిజమే. అయినా చేతిలోని జిగురు డబ్బా బల్ల మీద పెట్టి, "మూడోసారి కోయకుండా వచ్చారు. అదే మేలు. తెలిసినవాళ్లు ఎవరున్నారు?" అని అడిగింది.

"అనకాపల్లిలో ఖాదర్ వలీ అని ఫోటోలకు చట్రాలు కట్టే కుర్రాడున్నాడు. రోజూ వందల మూలలు కోస్తాడట. కానీ అమ్మా, ఫోటోలకు చట్రాలు కట్టేవాణ్ణి ద్వారబంధాలు చేసే నేను అడగడమా?"

"తెలియనిది తెలుసుకోవడానికి వచ్చేవాళ్ల కోసమే కదండీ మనం ఈ గది కడుతున్నాం! కట్టేవాళ్లే సిగ్గుపడితే ఎలా?" అంది విమలకుమారి.

మర్నాడు పొద్దున్నే సన్యాసాచారి ఖాదర్ వలీ దుకాణం ముందు నుంచి రెండుసార్లు నడిచివెళ్లాడు. మూడోసారి లోపలికి అడుగుపెట్టాడు.

"రండి బాబాయ్ గారూ. ఫోటో ఏదీ?" అన్నాడు ఖాదర్.

"ఫోటో లేదు బాబూ." సన్యాసాచారి అరచేతులు తుడుచుకున్నాడు. "నేను వడ్రంగిని. మైటర్ సా కొన్నాను. ఎనిమిది మూలలు కలపలేకపోతున్నాను. ఎందుకో నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పాలి."

ఖాదర్ నవ్వలేదు. వెంటనే ఒక స్టూలు జరిపాడు. "కూర్చోండి. నేనూ రెండు మిషన్లు కొని పనులు పాడు చేసుకున్నాకే ఈ మూడోదాని దగ్గరికి వచ్చాను" అన్నాడు.

అతను తన మిషన్ తలను, బ్లేడూ మోటారూ ఉండే భాగాన్ని, రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపాడు. అది కదల్లేదు. "మీది ఇలా ఊపి చూశారా?"

"లేదు."

ఖాదర్ నిటారు కోణం సరిచూసే మూలమట్టాన్ని తీసి చూపించాడు. "బ్లేడుకు మూలమట్టం ఆనించి చూశారా?"

"అంకెలు చూసి పెట్టాను."

"అంకెలు అచ్చువేసినవి బాబాయ్ గారూ. బ్లేడు వాటిని చదవదు కదా! మూలమట్టం పెట్టి చూసుకున్నాకే అంకెను నమ్మాలి. ఇంకో సంగతి. కోణం పెట్టి, బిగించి, ఒకటి కోయండి. మీట వదులు చేసి, తల అటూ ఇటూ తిప్పి, మళ్లీ అదే కోణానికి తెచ్చి ఇంకోటి కోయండి. రెండు ముక్కలూ ఒకదానికొకటి అచ్చంగా సరిపోవాలి. సరిపోకపోతే ఆ మిషన్‌కు నిలకడ లేనట్టు. ఒక్కో కోతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, పదహారు కోతలయ్యేసరికి ఆ తేడా అంతా ఆఖరి మూలలో పోగవుతుంది."

సన్యాసాచారికి ఆ రెండు వేళ్ల సందు కళ్లముందు కనిపించింది.

"మరి ఆ ఎర్ర వెలుగు గీత?"

"ఎక్కడ కోస్తామో చూపిస్తుంది. కోణాన్ని మాత్రం అది పట్టుకోలేదు."

బ్లేడు మీది కవచం తనంతట తాను మూసుకోవాలని, చెడితే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కొనకముందే కనుక్కోవాలని కూడా ఖాదర్ చెప్పాడు. సన్యాసాచారి అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. లేవబోతుంటే ఖాదర్, "నాకూ ఒక సంగతి తెలియదు బాబాయ్ గారూ. పాత టేకు మీద చిత్రిక పడితే పెళ్లలు లేస్తున్నాయి. ఏం చేయాలి?" అని అడిగాడు.

ఎంత తేలికగా అడిగాడు! సన్యాసాచారి ఆశ్చర్యపోయాడు. చెక్క ఈనె ఎటు పోతుందో వేలితో తడిమి చూపించి, ఆ వాలునే చిత్రిక పట్టాలని నేర్పాడు.

అక్కడి నుంచి ఎర్ర మిషన్ కొన్న దుకాణానికే వెళ్లాడు. చంకలో మూలమట్టం, సంచి నిండా మామిడి చెక్క ముక్కలు. "ఇవాళ ప్రతి మిషన్‌నూ పరీక్షిస్తాను. ఆ రోజు మీరు కోసి చూసుకోమన్నారు, నేను వినలేదు. మీకు అభ్యంతరమా?" అని దుకాణదారును అడిగాడు.

"అడిగేవాళ్లుంటే మాకూ పని తెలుస్తుంది. కానివ్వండి" అన్నాడు దుకాణదారు.

సన్యాసాచారి మొదటి మిషన్ తల పట్టుకుని ఊపాడు. అది కటకటలాడింది. పక్కన పెట్టించాడు. రెండోది ఊగలేదు గాని, తిప్పి తెచ్చేసరికి కోణం మారిపోయింది. మూడోదాని కవచం సగంలో ఇరుక్కుంది. ఎదురుగా మేకులు కొంటున్న ఇద్దరు తాపీ మేస్త్రీలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"ఏం ఆచారీ, ఈ వయసులో రంపం పట్టడం నేర్చుకుంటున్నావా?" అని ఒకడు అడిగాడు.

సన్యాసాచారి చెవులు ఎర్రబడ్డాయి. పాత సన్యాసాచారి అయితే ఏదో ఒక మిషన్ కట్టించుకుని బయటపడేవాడే. ఇప్పుడు మాత్రం అతను కాగితం మళ్లీ విప్పి, "అవును, నేర్చుకుంటున్నాను" అన్నాడు. దుకాణదారు వైపు తిరిగి, "ఈ నాలుగోదాని బ్లేడు మన జిల్లాలో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు.

నాలుగోది, ఐదోది కూడా పరీక్షకు నిలవలేదు. మధ్యాహ్నం దాటింది. భోజనానికి వెళ్లలేదు. ఆరో మిషన్ బూడిద రంగుది. మోటుగా, బరువుగా ఉంది. వెలుగు గీత లేదు. తల పట్టుకుని ఊపితే బల్లంతా కదిలింది గాని తల కదల్లేదు. మూలమట్టం ఆనిస్తే బ్లేడుకీ దానికీ మధ్య వెలుతురు చొరలేదు. సన్యాసాచారి ఎనిమిది మామిడి ముక్కలు కోశాడు. ప్రతి కోతకూ తల తిప్పి, మళ్లీ కోణానికి తెచ్చి, బిగించి కోశాడు. ముక్కలన్నీ నేల మీద కలిపాడు. ఎనిమిదో మూలలో దుకాణం రసీదు కాగితాన్ని దూర్చబోయాడు. దూరలేదు.

"ఇదే" అన్నాడు.

వాడిన ఎర్ర మిషన్‌ను కొన్న ధరకు వెనక్కి తీసుకోలేనని దుకాణదారు చెప్పాడు. సన్యాసాచారి వాదించలేదు. కోసి చూసుకోమన్నప్పుడు కాదన్నది తానే కాబట్టి, ఆ నష్టం తనదే అనుకున్నాడు.

మర్నాడు పగటి వెలుతురులో మిషన్‌ను గట్టి బల్లకు బిగించాడు. ముందు పనికిరాని ముక్కల మీద మూడుసార్లు కోసి, కలిపి చూసుకున్నాడు. తర్వాత టేకు చెక్క ఎక్కించాడు. వరహాలమ్మ రెండో చివర పట్టుకుంది. ప్రతి కోతకూ ముందు ఆగి, కోణం సరిచూసుకుని కోశాడు. పదహారో కోత అయ్యేసరికి అతని చొక్కా, ఆమె చీర చెమటతో తడిసిపోయాయి.

గ్రంథాలయంలో నిచ్చెన వేసి ఏడు చెక్కలు బిగించాడు. ఎనిమిదోదాన్ని చోటులో ఆనించి కొయ్యసుత్తితో మెల్లగా తట్టాడు. అది జారి కూర్చుంది. అతను వేలితో ఆ మూలను తడిమాడు. ఎక్కడ ఒక చెక్క ముగిసి ఇంకోటి మొదలైందో వేలికి తెలియలేదు. నిచ్చెన మీదే నుదురు గోడకు ఆనించి కాసేపు ఉండిపోయాడు.

కింది నుంచి విమలకుమారి, "కలిసిందా ఆచారి గారూ?" అని ఆత్రంగా అడిగింది.

"మీరే పైకి వచ్చి వేలు పెట్టి చూడండమ్మా!" అన్నాడు. ఆమె చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కింది. తడిమి చూసింది. దిగేటప్పుడు ఆమె కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

గది తెరిచిన రోజు ఖాదర్ వలీ కూడా వచ్చాడు. వచ్చినవాళ్లంతా తలెత్తి ఆ అంచును చూశారు. కొత్తవలస వైపు నుంచి వచ్చిన ఒక వడ్రంగి సన్యాసాచారిని పక్కకు పిలిచి, "ఇంత ఖచ్చితంగా ఎలా కలిపారు? ఎవరి దగ్గర నేర్చారు?" అని అడిగాడు.

"వీడి దగ్గర" అని సన్యాసాచారి ఖాదర్ భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు తెలియలేదు. వెళ్లి అడిగాను. చెప్పాడు."

ఆ తర్వాత మిషన్ కొనాలనుకున్న వడ్రంగులు చాలామంది అతని సలహా కోసం వచ్చేవారు. అతను ఎవరికీ ఫలానాది కొనమని చెప్పేవాడు కాదు. చేతికి మూలమట్టం, నాలుగు చెక్క ముక్కలు ఇచ్చి, "అడగండి, ఊపి చూడండి, కోసి చూడండి" అని పంపేవాడు.

నీతి: మెరుపు చూసి పనిముట్టును నమ్మకూడదు, పరీక్షించి నమ్మాలి, తెలియనిది అడిగితే చిన్నతనం ఒక్క క్షణమే, తెలిసినట్టు నటిస్తే పనంతా చెడుతుంది.