మట్టిపాలైన అల్లిక

అనగనగా, గాడిదలకు ఇంకా మాటలు వచ్చే కాలంలో, రేగడిపురాన్ని ఉదయకేతు అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు కత్తి తిప్పితే గాలి రెండు ముక్కలయ్యేది. రెండోవాడు రణకేతు బాణం వేస్తే ఎగిరే దోమ రెక్క తెగేది. మూడోవాడు నందకేతు కత్తీ పట్టలేదు, బాణమూ పట్టలేదు. మట్టి పట్టాడు.

తెల్లవారితే చాలు, కుమ్మరి పోలన్న సారె దగ్గర వాలిపోయేవాడు. పళ్లెం చేస్తే దానిమీద పచ్చి తమలపాకు అద్ది తీసేవాడు, ఈనెలన్నీ మట్టిలో నిలిచిపోయేవి. గిన్నె చేస్తే అంచున గుమ్మడిపువ్వు విచ్చుకునేది. పోలన్న కూతురు ముత్యాలి కొక్కెం సూదితో సన్నదారం అల్లేది. మీ అమ్మమ్మలు లేసు అంటారే, అదే. ఆ అల్లికను తడిమట్టి మీద పరిచి మెల్లగా ఒత్తితే మల్లెతీగలు, నెమలికన్నులు కుండలకెక్కేవి. వాటిని చూసుకున్నప్పుడు నందకేతుకు ఛాతీ జానెడు పెరిగేది.

పోలన్న అతనికి రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, బంకమట్టిని వడగట్టి పాలలాగా పలచగా కలపడం. దాన్ని కుమ్మరులు మట్టిపాలు అంటారు. రెండోది, పచ్చికుండను ఎవరికీ అంటగట్టకూడదని. అది ఆ ఇంటి ఒట్టు.

రాజుగారికి మాత్రం తలకొట్టేసినట్టుండేది. పొరుగు రాజులు వచ్చిన ప్రతిసారీ కొడుకుతో ఒకటే మాట.

"వంశం పరువు మట్టిపాలు చేస్తున్నావు నాయనా. వెళ్లి ఆ చేతులు కడుక్కునిరా."

నందకేతు కడుక్కుని వచ్చేవాడు. ఎంత తోమినా గోళ్లలో మట్టి పోయేది కాదు. ఉత్తరీయం కింద చేతులు దాచుకుని సభలో ఓ మూల నిలబడేవాడు. మనసు చివుక్కుమనేది.

ఒకరోజు నిండుసభలోకి ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఎగిరే పాంకోళ్లు తొడుక్కుని దిగాడు. చేతిలో ఇనుప పంజరం, అందులో ఈకలూడిన చిలక. తన చిలకకు కొత్త పంజరం కావాలన్నాడు. ఇనుపది ఎండకు కాలుతోందట, చెక్కది పెట్టిన పూటే కొరికేస్తోందట.

"నాకు కావలసిన పంజరం దారంతో అల్లాలి, అందులో ఒక్క పోగూ ఉండకూడదు. నిప్పులో పుట్టాలి, ముట్టుకుంటే చల్లగా ఉండాలి. గాలి దూరాలి, చిలక దూరకూడదు. మండలం రోజుల్లో ఏడు సముద్రాల అవతల నా దీవికి చేర్చండి. లేదా ఊరంతా రాయైపోతుంది" అన్నాడు.

జయకేతు కత్తి దూశాడు. దూసినవాడు దూసినట్టే రాయైపోయాడు. రణకేతు బాణం ఎక్కుపెట్టాడు. ఎక్కుపెట్టినవాడు ఎక్కుపెట్టినట్టే రాయైపోయాడు. మాంత్రికుడు నవ్వుకుంటూ ఎగిరిపోయాడు.

పండితులు గడ్డాలు నిమిరి నిమిరి సగం ఊడగొట్టుకున్నారు గాని ఆ పొడుపుకథ విప్పలేకపోయారు. రాజు రాతికొడుకులిద్దరి మధ్యా కూలబడి, "అయిపోయింది. నా రాజ్యం మట్టిపాలైపోయింది" అని ఏడ్చాడు.

ఆ మాట చెవిన పడగానే నందకేతు తలెత్తాడు. మట్టిపాలు! దారపు అల్లికను మట్టిపాలలో ముంచి కాలిస్తే? దారం కాలి బూడిదవుతుంది, అల్లిక మట్టిలో మిగులుతుంది. తండ్రికి చెప్పకుండానే పోలన్న ఇంటికి పరుగెత్తాడు.

ముత్యాలి విన్నది. "చిన్నదొరా, మండలంలో మూడుసార్లు అల్లగలను. నాలుగోసారి అడగొద్దు" అని సూది అందుకుంది.

మొదటిసారి జాజితీగ అల్లింది. నందకేతు దాన్ని మట్టిపాలలో ముంచి, తొందరకొద్దీ ఎండలో పెట్టాడు. అది నెర్రెలిచ్చింది. కుమ్మరి పని నీడన ఆరాలని తెలిసీ ఎండకు పెట్టినందుకు పోలన్న ఓ మొట్టికాయ వేశాడు. రాజకుమారుడైతేనేం, తప్పు తప్పే.

రెండోసారి జామకొమ్మ అల్లింది. ఈసారి నీడనే ఆరబెట్టాడు గాని ఒక్కసారే ముంచాడు. కుండలు కాల్చే ఆవం తెరిస్తే లోపల గుప్పెడు పొడి మిగిలింది.

మూడోసారి ముత్యాలి వేళ్లు కోసుకుపోయాయి. అయినా జాజితీగా జామకొమ్మా కలిపి అల్లింది, వెనకవైపు అరచెయ్యంత ఖాళీ వదిలి. ఎందుకని నందకేతు అడిగితే, చిలకకూ ఓ దారి ఉండాలి కదా అని ఊరుకుంది. అతను మూడుసార్లు ముంచాడు, మూడుసార్లు నీడన ఆరబెట్టాడు, ఆవంలో పేర్చాడు. చల్లారాక తెరిస్తే ఎర్రటి మట్టి పంజరం! ఆకు ఆకూ, ముడి ముడీ అలాగే ఉన్నాయి, పోగు ఒక్కటీ లేదు. వేలి కణుపుతో తడితే ణంగుమంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గర్వం రాజ్యం గెలిచినవాడికి కూడా ఉండదు.

పోలన్న గాడిద పేరు చిట్టెన్న. నందకేతు దీవికి బయల్దేరుతుంటే అది కూడా వస్తానంది. "ఆ రోజు సభ వాకిట్లో మట్టి దింపుతూ నేనొకటి చూశాను. చిలక తుమ్మితే వాడూ తుమ్మాడు. చిలక దగ్గితే వాడూ దగ్గాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది. అది ఎగిరిపోతే వాడి పని సరి" అంది. మనుషులందరూ కత్తుల వంక చూస్తుంటే చిలక వంక చూసింది గాడిద ఒక్కటే.

నందకేతు ఎనిమిది కుండలు బోర్లించి తెప్ప కట్టాడు. ఉప్పుసముద్రం దాటితే ఒక కుండ పగిలింది. చెరుకురసం సముద్రం దాటితే ఇంకొకటి. అలా ఏడు సముద్రాలకు ఏడు కుండలు పగిలాయి, ఎనిమిదోదాన్ని కావలించుకుని ఇద్దరూ దీవికి చేరారు. ఏ సముద్రం రుచి ఎలా ఉందో మాత్రం చిట్టెన్నను అడగకండి, అన్నిట్లోనూ మునిగింది పాపం.

ఒడ్డున కూచుని నందకేతు పచ్చిమట్టితో ఒక పువ్వు చేశాడు. కాలిన మట్టి నీళ్లకు కరగదు, పచ్చిమట్టి కరుగుతుంది. ఆ పువ్వును పంజరం వెనక ఖాళీలో అమర్చి, రంగు కలిసేలా జేగురు పూశాడు. అంతలో పచ్చిది అంటగట్టనని గురువుకిచ్చిన ఒట్టు గుర్తొచ్చింది.

"పుచ్చుకునేది వాడే గాని, అందులో కాపురం చేసేది చిలక. దానికేది మేలో అది చెయ్యి" అంది చిట్టెన్న. నందకేతు మనసు కుదుటపడింది.

ధూమ్రకేశుడు పంజరాన్ని ఎగాదిగా చూశాడు. దారం అల్లికే, పోగు లేదు. నిప్పులో పుట్టింది, చల్లగా ఉంది. గాలి దూరుతోంది, చిలక దూరదు. వాడి మొహం మాడిపోయింది. కొట్టి చూడందే కుండ పుచ్చుకోకూడదని వాడూ విన్నాడు. పైన కొట్టాడు. ణంగుమంది. పక్కన కొట్టాడు. ణంగుమంది. వెనక పువ్వు మీద కొట్టబోయాడు. పచ్చిమట్టి మోగదు కదా! సరిగ్గా అప్పుడే చిట్టెన్న ఏడు సముద్రాలూ దద్దరిల్లేలా ఓండ్రపెట్టింది. మాంత్రికుడు చెవులు మూసుకుని, సరే మోగిందిలే అనుకున్నాడు.

"అంతా కాలిందేనా?" అన్నాడు.

"కాల్చినదంతా కాలింది. చిలక కోసమే చేశాను" అన్నాడు నందకేతు. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు.

నందకేతు చిలకను తానే అందులో పెట్టి, నీళ్లగిన్నె పువ్వు పక్కన పెడుతూ దాని చెవిలో, "తల్లీ, ఆ పువ్వు పచ్చిది. తనివితీరా స్నానం చెయ్యి" అన్నాడు. చిలక రెక్కలు టపటపలాడించింది. నీళ్లు చిందాయి, పువ్వు మెత్తబడింది, జారింది, కరిగింది. చిలక ఆ దారిన బయటపడి ఆకాశంలోకి ఎగిరింది. అది దూరమయ్యేకొద్దీ మాంత్రికుడు చిక్కిపోయాడు. అది చుక్కంతయ్యేసరికి వాడు పిడికెడు దుమ్మయ్యాడు. నందకేతు ఆ దుమ్ము వేళ్లతో నలిపి చూశాడు. కుండకు పనికిరాని మట్టి.

తిరిగి ఎలా వచ్చారంటారా? మాంత్రికుడి పాంకోళ్లు నందకేతు చిట్టెన్న ముందుకాళ్లకు తొడిగి వీపెక్కాడు. వెనకకాళ్లు వాటంతటవే వచ్చాయి.

రేగడిపురంలో జయకేతు కత్తి దింపాడు, రణకేతు విల్లు దింపాడు. పొరుగు రాజులంతా ఆ పంజరం చూడటానికి సభకు వచ్చారు. నందకేతు అలవాటు కొద్దీ చేతులు కడుక్కోవడానికి బయల్దేరాడు.

"కడుక్కోకు నాయనా" అన్నాడు రాజు. సింహాసనం దిగివచ్చి, ఉత్తరీయం కిందున్న ఆ రెండు చేతులూ బయటికి తీసి, గోళ్లలో మట్టితో సహా సభకెత్తి చూపించాడు.

"మా చిన్నవాడు నా పరువును మట్టిపాలు చేశాడు. కనుకనే అది నిప్పులో పడ్డా నిలిచింది" అన్నాడు.

ముత్యాలికీ నందకేతుకూ పెళ్లైంది. తలంబ్రాల పళ్లెం నిండా ఆమె అల్లిన జాజులే, అతను కాల్చిన మట్టిలో. తరవాత నందకేతే రాజై చాలా ఏళ్లు ఏలాడు. పొద్దున సారె, మధ్యాహ్నం సభ. ఆ పంజరం సింహాసనం పక్కనే వేలాడేది. వెనక ఖాళీ అలాగే ఉండేది, చిలక వచ్చేది, పోయేది.

కథ ఆవం దిగింది. కొట్టి చూసుకుని పుచ్చుకోండి.