ఎవరూ ఏమీ అనలేదు

లోకనాథ్ విజయనగరం వచ్చి రెండు రోజులైంది. వచ్చిన దగ్గర్నించీ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు.

అతను ఆఫ్ స్పిన్నర్. ముప్ఫై ఏడేళ్ళు. ఒకప్పుడు భారత జట్టుకి నాలుగు టెస్టులు, కొన్ని వన్డేలు ఆడాడు. తర్వాత పిలుపు రాలేదు. కొన్నాళ్ళు ఎదురుచూశాడు. భార్యకి స్కాట్లాండ్‌లో ఆసుపత్రి ఉద్యోగం వస్తే తనూ వెళ్ళిపోయాడు. అక్కడ మూడేళ్ళు నివాసముంటే ఆ దేశం తరఫున ఆడొచ్చు. ఉన్నాడు. పోయిన వేసవి నుంచి ఆడుతున్నాడు కూడా.

ఇప్పుడు ప్రపంచ కప్పుకి జట్టుని ఎంపిక చేస్తున్నారు. వచ్చే శుక్రవారం పేర్లు చెబుతారు. అందులో తన పేరు ఉంటుందో ఉండదో తెలీదు. ఒక పత్రిక తప్పక ఉంటుందని రాసింది. ఇంకొకటి వయసైపోయిందని రాసింది. రెండూ ఒకటికి నాలుగుసార్లు చదివాడు.

శనివారం సాయంత్రం సన్యాసిరాజు మాస్టారింటికి వెళ్ళాడు. మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. లోకనాథ్ చేతికి మొట్టమొదట క్రికెట్ బంతి ఇచ్చింది ఆయనే. ఇప్పటికీ ఊళ్ళో మ్యాచ్‌లకి అంపైరింగ్ చేస్తారు. పెరట్లో పీట మీద కూర్చుని బూట్లకి తెల్ల పాలిష్ రాస్తున్నారు.

"మాస్టారూ, నన్ను తీసుకుంటారంటారా?"

"ఎవరు?"

"అక్కడి సెలెక్టర్లు."

"వాళ్ళని నేనెరగను కదరా."

"నన్ను మీరెరుగుదురు కదా."

మాస్టారు బూటు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు.

లోకనాథ్ చెప్పుకుపోయాడు. తనతో పోటీకి ఉన్నది ఇద్దరే స్పిన్నర్లు. ఇద్దరూ పాతికేళ్ళ లోపువాళ్ళు. తను ఒక్క రంజీ సీజన్లో తీసినన్ని వికెట్లు వాళ్ళు జన్మలో తియ్యలేదు. పెద్ద మైదానాల్లో, అంత జనం మధ్య బౌలింగ్ చెయ్యడం అంటే ఏమిటో ఆ జట్టు మొత్తంలో తెలిసింది తనొక్కడికే. ఇక ఇక్కడ చూస్తే, దేశం మారాడని మొహం మీదే అంటున్నారు. ఇక్కడివాడు కాకుండా పోయి, అక్కడా చోటు దొరక్కపోతే ఏం మిగులుతుంది?

మాస్టారు రెండో బూటు తీసుకున్నారు.

"రేపు కోట జట్టుకీ కంటోన్మెంట్ జట్టుకీ మ్యాచ్ ఉంది. కోటవాళ్ళకి ఒకడు తక్కువయ్యాడు. పొద్దున్నే రా" అన్నారు.

లోకనాథ్‌కి అది సమాధానంలా అనిపించలేదు. అయినా మాస్టారి మాట కాదనడం అలవాటు లేదు.

ఆదివారం పొద్దున్న కంటోన్మెంట్ జట్టు ముందు బ్యాటింగ్‌కి దిగింది. లోకనాథ్ కోట తరఫున బంతి అందుకున్నాడు. మొదటి ఓవర్లోనే ఇద్దర్ని అవుట్ చేశాడు. కంటోన్మెంట్ కెప్టెన్ సింహాద్రి గట్టివాడు. బస్టాండు దగ్గర లారీ టైర్ల షాపు నడుపుతాడు. అతను నిలబడి కొంతసేపు ఆడాడు గానీ చివరికి అతన్నీ లోకనాథే బౌల్డ్ చేశాడు. పోతూ పోతూ సింహాద్రి, "ఏం తిప్పారు సార్" అని దణ్ణం పెట్టాడు.

ఇన్నింగ్స్ అయ్యాక అందరూ చెట్టు నీడన పులిహోర తింటున్నారు. కంటోన్మెంట్‌లో రైల్వే ఉద్యోగి ఒకతను డ్యూటీ వేళైందని బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ జట్టుకి పదిమందే మిగిలారు. అటు కోట జట్టుకి రావలసిన మనిషి బస్సు దిగి అప్పుడే వచ్చాడు.

మాస్టారు చెయ్యి కడుక్కుంటూ, "లోకనాథం, నువ్వు అటెళ్ళు" అన్నారు.

"ఇంతసేపూ వాళ్ళ వికెట్లే తీశాను మాస్టారూ."

"తీశావు. ఇప్పుడు అటెళ్ళు."

వెళ్ళాడు. కంటోన్మెంట్‌వాళ్ళు సంతోషంగానే జరిగి చోటిచ్చారు. ఒకతను మంచినీళ్ళ సీసా అందించాడు. సింహాద్రి, "మీరెక్కడ నిలబడతానంటే అక్కడే సార్" అన్నాడు.

లోకనాథ్ బాగానే బౌల్ చేశాడు. రెండు వికెట్లు కూడా తీశాడు. ఓవర్ అయ్యాక వెళ్ళి బౌండరీ దగ్గర నిలబడేవాడు. ఆ చివర నేలంతా కంకర.

మధ్యలో కేశవ అనే అతను సులువైన బంతిని కాళ్ళ సందులోంచి వదిలేశాడు. కేశవ సింహాద్రికి బావమరిది. సింహాద్రి పిచ్ మధ్యకొచ్చి నిలబడి, "కళ్ళెక్కడెట్టుకున్నావురా? వొంగితే నడుం ఇరిగిపోద్దా?" అని అందరూ వినేలా తిట్టాడు. కేశవ తల గోక్కుని, "సరేలే బావా" అని తన చోటికి పోయాడు.

మ్యాచ్ ఆఖరి ఓవర్ దాకా వచ్చింది. కోటకి మూడు పరుగులు కావాలి. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ లోకనాథ్ ఎడమ పక్కగా వచ్చింది. పరిగెత్తి, పడి, చెయ్యి చాస్తే ఆగేదే. అతను పరిగెత్తాడు. చివర్లో కాలు చాపాడు. బంతి బూటు అంచుకి తగిలి గీత దాటిపోయింది.

కోటవాళ్ళు ఈలలు వేస్తూ మైదానంలోకి వచ్చారు.

సింహాద్రి మెల్లగా నడుచుకుంటూ లోకనాథ్ దగ్గరికి వచ్చాడు. "పర్లేదు సార్. గ్రౌండు బాగోలేదు" అన్నాడు. తర్వాత కుర్రాళ్ళని పిలిచి అతనితో ఫోటో తీయించుకున్నాడు.

సాయంత్రం మాస్టారి అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. మాస్టారి భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"కాలెందుకు పెట్టావు?" అన్నారు మాస్టారు.

"బంతి తిప్పే వేలు చూసుకున్నాను మాస్టారూ. ఆ కంకరలో పడితే, ఈ వారం..." లోకనాథ్ ఆగాడు. "అది ఊరికే ఆడే ఆట కదా అనుకున్నాను."

"ఊఁ. సింహాద్రి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పర్లేదన్నాడు. మర్యాదస్తుడు."

"కేశవని?"

"అతన్ని గట్టిగానే తిట్టాడు."

"మరి కేశవ ఏడీ?"

లోకనాథ్‌కి నవ్వొచ్చింది. "ఇద్దరూ ఒక బండి మీదే పోయారు మాస్టారూ. దార్లో కూడా తిట్టుకుంటూనే ఉండి ఉంటారు."

మాస్టారు టీ తాగడం పూర్తిచేశారు. గ్లాసు కింద పెట్టారు.

"నిన్ను ఒక్క మాట అనలేదు."

"లేదు."

"అయితే నువ్వింకా అటెళ్ళలేదురా."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

లోకనాథ్ అక్కడే కూర్చున్నాడు. వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ అతన్ని గుర్తుపట్టి చెయ్యెత్తారు. అతను చూసుకోలేదు.

పోయిన వేసవి డబ్లిన్‌లో ఒక మ్యాచ్. అక్కడా ఇలాగే అయింది. ఒక క్యాచ్. నేలకి బాగా దగ్గరగా వచ్చింది. అతను వంగలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, బంతి ఒకసారి నేలని తాకాక పట్టుకున్నాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు. కెప్టెన్ క్యాలమ్ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక్కొక్కణ్ణే నిలబెట్టి అరిచాడు. తలుపులు అదిరిపోయాయి. లోకనాథ్ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, బాగా వేశావని భుజం తట్టి పోయాడు. అనుభవానికి ఇచ్చే గౌరవం అనుకున్నాడు లోకనాథ్ అప్పుడు. ఆ రాత్రి ఫోన్లో భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. మిగతావాళ్ళంతా కలిసి ఎక్కడికో భోజనానికి పోయారు. తను గదిలోనే తిన్నాడు.

అలా ఒకసారి కాదు. ఆ జట్టులో చేరిన దగ్గర్నించీ తనని ఎవరైనా ఒక్క మాట అన్న రోజు ఉందేమోనని వెతికాడు. దొరకలేదు.

ఫోను తీశాడు. సెలెక్షన్ వార్తలు పైకి వస్తుంటే తోసేసి, క్యాలమ్ నంబరు నొక్కాడు. అక్కడ మధ్యాహ్నం. క్యాలమ్ ఎత్తాడు. ఎంపిక సంగతి తనకింకా తెలీదనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ ముందే చెప్పేశాడు.

"దాని కోసం చెయ్యలేదు" అన్నాడు లోకనాథ్. "డబ్లిన్‌లో ఆ క్యాచ్ నేను పట్టగలిగిందే. వంగలేదు. నన్నెందుకు ఏమీ అనలేదు నువ్వు?"

లైను తెగిందేమోనని లోకనాథ్ ఫోను ఒకసారి చూసుకుని మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడు క్యాలమ్ మొదలుపెట్టాడు. ముందు నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ. తర్వాత వెతుక్కోలేదు. డబ్లిన్ అయిపోయి వేరే మ్యాచ్‌లోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఇంకోదానిలోకి. లోకనాథ్ ఒకచోట ఏదో చెప్పబోయి మానేశాడు. లేచి అరుగు అంచున నిలబడి వింటున్నాడు.

లోపల మాస్టారికి ఆ దేశపు యాస ఒక్క ముక్క అందలేదు. గొంతు పెరుగుతూ పోవడం మాత్రం వినిపించింది.

ఆయన వంటింటి వైపు తిరిగి, "వాడికి ఇంకో గ్లాసు టీ పెట్టు. ఇప్పుడప్పుడే అవదు" అన్నారు.