కోతిబండ దగ్గర పల్లం

నాలుగు ట్రిప్పులు తిరిగారు. నాలుగింటిలోనూ ల్యాప్‌టాప్ తెర మీది గీత ఒకేచోట పడిపోయింది.

ప్రసూన ల్యాప్‌టాప్‌ను పంపుల బల్ల మీద పెట్టి, నాలుగు గీతలనూ ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు ఘాట్ ఎక్కే దారి అది. లారీ యాక్సిలరేటర్ మీద కాలు ఎంత నొక్కి ఉందో ఆ గీత చెబుతుంది. ఎక్కుడు పొడుగునా గీత అలికిన అరుగులా చదునుగా ఉంది. కోతిబండ మలుపు రాగానే దభీమని సున్నాకి పడింది. మూడు సెకన్లు అక్కడే ఉండి మళ్ళీ లేచింది.

క్లచ్చి తొక్కలేదు. బ్రేకు ముట్టుకోలేదు. గేరు మారలేదు. అవన్నీ బండి కంప్యూటర్ రాసుకునే లాగులో ఉన్నాయి. ఉత్తగా, ఏ కారణమూ లేకుండా, గీతలో పల్లం.

ప్రసూనకు నలభై నాలుగేళ్ళు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకునేది. ల్యాబు మూతపడ్డాక, రెండేళ్ళ కిందట, మౌలాలి ఉస్తాద్ షెడ్డుకు వచ్చి నిలబడింది. “నాకు ఇంజను నేర్పండి. మీకు కంప్యూటర్ నేర్పుతా” అంది. నలభై ఐదేళ్ళుగా డీజిల్ పంపులు విప్పి బిగిస్తున్న మనిషి ఆయన. “ఈ వయసులో నాకెందుకమ్మా? నువ్వు చూసి చెప్పు, నేను వింటా” అని స్టూలు ముందుకు జరిపాడు.

ఇప్పుడు షెడ్డులో ఉన్న లారీ రామసుబ్బారెడ్డిది. బేతంచెర్ల నాపరాళ్ళు మోసే బండి. దానికి ఇంజనులోకి గాలి తోసే పెద్ద టర్బో, డీజిల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు వేయించాడు. ఎప్పుడు ఎంత డీజిల్ చిమ్మాలో ఇంజను కంప్యూటర్‌కు చెప్పే ఫైలు ప్రసూన రాసింది. ఇరవై టన్నులతో బండి ఏనుగులా ఎక్కుతోంది. ఒక్క కోతిబండ దగ్గరే పరువు తీస్తోంది. గీత పడగానే టర్బో నెమ్మదిస్తుంది. గీత లేవగానే డీజిల్ ముందొస్తుంది, గాలి వెనకొస్తుంది. ఆ మధ్యలో కొండంత నల్లపొగ.

రెడ్డి రేపు పొద్దున వస్తాడు. ఆ పొగ పోతే అదే ఫైలు తన పన్నెండు బండ్లకూ ఎక్కించమన్నాడు. పోకపోతే పాత ఇంజెక్టర్లు బిగించి పంపేయమన్నాడు.

పన్నెండు బండ్లు. ఉస్తాద్ పేరు మీద కాకుండా, తన పేరు మీద వచ్చిన మొదటి పని.

పెడల్ సెన్సర్ మార్చింది. వైర్లు మార్చింది. డ్రైవర్ మద్దిలేటిని పక్కకు పిలిచి అడిగింది.

“కోతిబండ దగ్గర కాలు తీస్తున్నావా?”

“ఎక్కుడులో కాలు తీస్తానా మేడం? పంతొమ్మిదేండ్లు తొక్కిన కాలిది. మద్దిలేటి స్వామి మీద ఒట్టు, తీయలే.”

అబద్ధం చెప్పే ముఖం కాదు అది. మరి గీత?

“చెత్త, ఉస్తాద్,” అంది చివరికి. “అప్పుడప్పుడు లాగుల్లో ఇట్లాంటి చెత్త పడుతుంది. ఇంజను దాన్ని పట్టించుకోకుండా చేసే ఉపాయం ఉంది. క్లచ్చి, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ ఒక్కటే పడిపోతే, రెండు సెకన్ల దాకా నమ్మొద్దని ఫైల్లో రాస్తాను. రెండు సెకన్లు పాత లెక్కనే డీజిల్ పోతుంది. టర్బో నెమ్మదించదు. పొగ రాదు.”

ఉస్తాద్ ఇంజెక్టర్ నాజిల్ ఒకటి దీపానికి ఎత్తిపట్టి చూస్తున్నాడు.

“చెత్త గాలికి పడితే నాలుగు చోట్ల పడుతుందమ్మా. ఒకేచోట పడిందంటే, ఎవరో తెచ్చి వేస్తున్నట్టు.”

“ఎవరు వేస్తారు? బండిలో ఉన్నది మద్దిలేటి, నేను. నాలుగుసార్లూ నేను పక్కనే కూర్చున్నా.”

“కూర్చొని ఏం చూసినావు?”

“గీతను.”

ఉస్తాద్ తలూపి నాజిల్ గుడ్డలో చుట్టాడు. “నమాజ్ చేసుకొనొస్తా. ఇంకొక్క ట్రిప్పు పోదాం. నేనూ వస్తా.”

ఆయన మసీదుకు వెళ్ళిన ఇరవై నిమిషాల్లో ప్రసూన ఆ కొత్త ఫైలు ఎక్కించింది. దాచాలని కాదు. గీత చదునయ్యాక చూపిద్దామనుకుంది. ఆయన కళ్ళతో ఆయనే చూస్తే ఇక మాట ఉండదు కదా అనుకుంది.

ఉస్తాద్ వచ్చి క్యాబిన్ ఎక్కాడు. అద్దం దగ్గర నల్లతాడుకు వేలాడే ఇత్తడి గంటల్లోంచి నిమ్మకాయంత గంట ఒకటి విప్పాడు. కిందికి వంగి, రాగితీగతో దాన్ని యాక్సిలరేటర్ అడుగున కట్టాడు. కాలు నొక్కి ఉన్నంతసేపూ గంట నేలకు ఆనుకొని మూగగా ఉంటుంది. కాలు లేస్తే మోగుతుంది.

“ఏంది ఉస్తాదూ, నాకు కూచిపూడి నేర్పిస్తావా?” అన్నాడు మద్దిలేటి.

“నీ ఒంటికి కూచిపూడా? ఎలుగుబంటాట సాలు. బండి తోలు.”

తర్వాత ప్రసూన వైపు చెయ్యి చాచాడు. “ల్యాప్‌టాప్ ఇట్లియ్యి.”

“లాగు చూడొద్దా ఉస్తాద్?”

“అది రాసుకుంటానే ఉంటుంది కదా. నువ్వు గంట మోగితే తలెత్తి బయటికి చూడు. అంతే.”

ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళోకి పోయింది. ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోడుతో బయలుదేరారు. ఊరు దాటింది. అడవి మొదలైంది. గేరు మార్చినప్పుడల్లా గంట మోగేది. ప్రసూన తలెత్తేది. వెదురు పొద. గోడ మీద కోతి. ఇంకో వెదురు పొద. మద్దిలేటికి నవ్వాగలేదు.

“గుళ్ళో ఉన్నట్టుంది మేడం. కొబ్బరికాయ తేవాల్సింది.”

నాలుగుసార్లు వచ్చిన దారి. ఒక్క చెట్టూ గుర్తుకు రాలేదు ఆమెకు. ఇంత పెద్ద లోయ ఇక్కడ ఉందా? ఈ వాగు ఎప్పుడు దాటారు? గీతలో ఈ వాగు లేదు.

ఎక్కుడు నిటారైంది. మద్దిలేటి కాలు అడుగుదాకా నొక్కి పట్టాడు. గంట మూగబోయింది. ఇంజను ఒకే గొంతుతో అరుస్తోంది. ఎదురుగా రోడ్డు మీదికి తోసుకొచ్చిన నల్లని బండరాయి కనిపించింది. దాని వెనక మలుపు. అవతల ఏముందో కనబడదు.

గంట మోగింది.

ప్రసూన ముందు కిందికి చూసింది. మద్దిలేటి కాలు పెడల్ మీద లేదు. గాలిలో ఉంది. అతని కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, నోట్లో వక్కపలుకు నములుతూనే ఉన్నాడు. కాలు లేచిన సంగతి అతనికి తెలియదు.

ఇంజను మాత్రం అదే గొంతుతో అరుస్తోంది.

తన ఫైలు. పని చేస్తోంది. ఆ క్షణం ఆమెకు గర్వమే కలిగింది.

ఒకటి. రెండు.

అప్పుడు తగ్గింది గొంతు. అప్పటికి లారీ ముక్కు బండ దాటింది.

రోడ్డు మీద మూడు మేకలు. వాటి వెనక ఒక ముసలామె. ఆమె చెయ్యి పట్టుకొని ఎనిమిదేళ్ళ పిల్ల. పిల్ల కాలు ఒకటి మట్టి మీద, ఒకటి తారు మీద.

మద్దిలేటి బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక నాపరాళ్ళు కిర్రుమన్నాయి. బండి ఆగింది. పిల్లకూ బంపరుకూ మధ్య బారెడు దూరం లేదు.

ఒక మేక బంపరు వాసన చూసి, తన దారిన తాను రోడ్డు దాటింది.

ముందు తేరుకున్నది ముసలామె. పిల్లను వెనక్కి లాగి, కర్ర ఎత్తి క్యాబిన్ వైపు చూపింది.

“ఏం నాయనా! ఇయ్యాల అంత ఆలిస్యంగా గొంతు దించితివే?”

మద్దిలేటి దిగాడు. “గొంతేంది అవ్వా?”

“బండి గొంతు. బండ ఎనకాల మాకు మీరు కనపడరు, మీకు మేము కనపడం. బండి గొంతు దించితే దాటతాం. దించకపోతే నిలబడతాం. మా అమ్మ కాన్నుంచి అంతే. ఇయ్యాల గొంతు దిగిందని అడుగేస్తే, బండి మీదికే వచ్చె!”

మద్దిలేటి తన కుడికాలి వంక అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

“నాకు బండి నేర్పినాయన,” అన్నాడు మెల్లగా, “మొదటిసారి నేను తోలుతున్నప్పుడు, ఈ బండ దగ్గర మోకాలి మీద ఫట్టుమని ఒకటి ఇచ్చినాడు. కాలు లేసింది. రెండోసారీ కొట్టినాడు. మూడోసారి కొట్టలే. ఎందుకని నేనూ అడగలే, ఆయనా చెప్పలే.”

“ఇప్పుడు కూడా లేసింది,” అన్నాడు ఉస్తాద్. “గంట మోగింది. నేను విన్నా.”

“మరి బండి గొంతు ఎందుకు దించలే?” అన్నాడు మద్దిలేటి.

ప్రసూన క్యాబిన్ మెట్టు మీద నిలబడి ఉంది. కడ్డీ పట్టుకొని కిందికి దిగింది.

“ఆ రెండు సెకన్లు నావి, ఉస్తాద్,” అంది. “మీరు నమాజుకు పోయినప్పుడు ఎక్కించా.”

ముసలామెకు ఏమీ అర్థం కాలేదు. పిల్ల మాత్రం ప్రసూననే చూస్తోంది. పిల్ల తలకు కొబ్బరినూనె కొత్తగా రాసినట్టుంది. పాపిడి వంకరగా తీసి ఉంది. ప్రసూన ఆ పాపిడి వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఉస్తాద్ తిట్టలేదు. ల్యాప్‌టాప్ ఆమె చేతికిచ్చాడు. ఆమె అక్కడే, బానెట్‌కు ఆనుకొని, కొత్త ఫైలు తీసేసి పాతది ఎక్కించింది. మామూలుగా నాలుగు నిమిషాలు పట్టే పని. ఈసారి ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసుకుంది, పది నిమిషాలు పట్టింది.

“మీకు ముందే తెలుసా ఉస్తాద్, ఇక్కడ వీళ్ళున్నారని?”

“తెలిస్తే చెప్పనా తల్లీ? ఏదో ఉందనుకున్నా. ఏముందో చూద్దామనే కదా నేనూ వచ్చింది.”

మద్దిలేటి బండిని మలుపు దాటించి, వెడల్పుగా ఉన్నచోట పక్కకు ఆపాడు. పొద్దు వాలుతోంది. మిగిలిన మేకలు ఇంకా బండ వెనకే ఉన్నాయి. ముసలామె వాటి దగ్గరకు తిరిగి వెళ్ళింది.

“నువ్వూ పో,” అన్నాడు ఉస్తాద్. “ఆమె పక్కన నిలబడు. వచ్చే బండిని విను.”

“ఎవరి బండి?”

“ఎవరిదైతేనేం?”

ప్రసూన వెళ్ళి బండ వెనక నిలబడింది. ఇటు నుంచి చూస్తే రోడ్డు లేదు. రాయి ఉంది, దాని మీద నాచు ఉంది, అంతే. ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది.

“నువ్వు మేకలు కాస్తావా?”

“లేదవ్వా. బండ్లు చూస్తా.”

“ఆడదానివి, బండ్లు చూస్తావా!” అంది ముసలామె. వింతగానే అంది, ఎగతాళిగా కాదు. “పిల్లలున్నారా?”

“ఒక కూతురు.”

“ఆ పిల్లను కూడా చూసుకో.”

ఎక్కడో దిగువన చప్పుడు మొదలైంది. ముందు తేనెటీగంత. తర్వాత పెద్దదైంది. ఏ బండో తెలియదు. డ్రైవర్ ఎవరో తెలియదు. లోడు నిండుగా ఉందని మాత్రం తెలుస్తోంది. నేల సన్నగా అదురుతోంది. మేకలు చెవులు నిక్కించాయి. రోజూ అంకెల్లో చూసే చప్పుడు ఇంత పెద్దదని ప్రసూనకు తెలియదు. బండరాయి అవతల అది పెరుగుతూనే ఉంది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

తగ్గింది.

ఒక్కసారిగా, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.

“ఊఁ, పదండి,” అంది ముసలామె.

మేకలు ముందు, పిల్ల తర్వాత, వాళ్ళ వెనక ప్రసూన. మూడు సెకన్లలో ఆరడుగులు పడ్డాయి. అవతలి గట్టు చేరి తిరిగి చూసేసరికి ఆకుపచ్చ లారీ ఒకటి మలుపు తిరిగి, మళ్ళీ గొంతెత్తి, ఎక్కిపోయింది. గుప్పున నల్లపొగ వదిలింది. ముసలామె కొంగుతో ముక్కు మూసుకుంది. పిల్ల దగ్గి, నవ్వింది.

ప్రసూన ఆ పొగ పలచబడేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత గట్టు మీద కూర్చున్న ఉస్తాద్ దగ్గరికి వచ్చి, తనలో తాను అనుకున్నట్టే అంది. “కాలు తీసినచోట కాదు ఉస్తాద్. మళ్ళీ వేసినచోట ఫైలును సర్దాలి. గాలి వచ్చేదాకా డీజిల్ కాస్త ఆగి రావాలి.”

“వారం పడుతుందా?”

“పది రోజులు పడుతుంది.”

ఉస్తాద్ రోడ్డు పక్క రాయి మీద కూర్చొని చెప్పులోంచి ముల్లు తీసుకుంటున్నాడు.

ఆమె ఫోను మోగింది. రామసుబ్బారెడ్డి.

“ఏం మేడం, పొగ పోయిందా? రేపు పొద్దున్నే వస్తున్నా. పన్నెండు బండ్లూ లైన్లో పెట్టమని చెప్పినా.”

“పోలేదండీ. రేపు రావద్దు. పది రోజులు కావాలి.”

“అంటే ఆ కోతిబండ దగ్గర పల్లం ఇంకా పడుతోందా?”

ప్రసూన మలుపు వైపు చూసింది. దిగువ నుంచి ఇంకో బండి వస్తోంది.

“పడుతోందండీ,” అంది. “పడాలి.”