కాశీకి మొదటి నుంచీ మళ్ళీ

దగ్గరగా జరగండమ్మా. ఆ చివరి పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోండి. గంగమ్మను తలుచుకుని మొదలుపెడుతున్నాను.

బంగారయ్య ఇంట్లో ముగ్గురు: తను, పెళ్ళాం మంగతాయి, తల్లి నూకాలమ్మ. మా ముగ్గురి బుర్రలూ కలిస్తే కలెక్టరుకైనా సలహా చెబుతాం అనుకునేవాడు బంగారయ్య. నూకాలమ్మకి ఒకటే కోరిక. మోకాళ్ళు మొరాయించకముందే గంగలో ఒక్క మునక వెయ్యాలి.

విమానమెక్కాలంటే ఇంగ్లీషు రావాలని ట్యూషన్ మాస్టారిని పెట్టుకున్నారు. "ఆటోకి 'గెట్ ఇన్', విమానానికి 'గెట్ ఆన్'. వాక్యం చెప్పి పని చెయ్యాలి. ఒక్క మాట తప్పినా మొదటి నుంచీ మళ్ళీ," అన్నాడాయన, పాపం.

అంతే. ప్రయాణం రోజు గడపలో "వుయ్ లీవ్ హోమ్" అని బయల్దేరారు. మంగతాయి "గెట్ ఆన్ ది ఆటో" అంటూ ఎక్కింది.

"దిగవే, ఆటోకి 'ఇన్'," అన్నాడు బంగారయ్య. ముగ్గురూ దిగి, ఇంట్లోకెళ్ళి, తలుపేసుకుని, మళ్ళీ తీసుకుని వచ్చారు. ఆటో అబ్బాయి నోరు తెరిచి చూశాడు.

విమానాశ్రయంలో పెట్టె బెల్టు మీద పెడుతూ నూకాలమ్మ "పుట్ ఇన్ ది బెల్ట్" అంది. బెల్టుకి 'ఆన్' రావాలి. ఇంకేముంది, పెట్టెలు లాక్కుని ఇంటికి.

"నా నోరు పడిపోను," అంది నూకాలమ్మ.

"మాస్టారు వినలేదు, నయం," అంది కోడలు.

విమానం వెళ్ళిపోయింది. పాడిగేదెను అమ్మి మళ్ళీ టికెట్లు కొన్నారు. ఈసారి విమానం మెట్ల దగ్గర బంగారయ్య "గెట్ ఆన్" అని ఎంత గట్టిగా అన్నాడంటే, వెనకవాళ్ళు కూడా భయపడి అనేశారు. కాశీలో దిగి గంగ ఒడ్డుకి చేరారు. నూకాలమ్మ గంగలో పెట్టడానికి కాలెత్తింది.

"ఆగత్తా," అంది మంగతాయి. "విమానం దిగుతూ మీ అబ్బాయి 'అరైవ్ టు కాశీ' అన్నాడు. 'అరైవ్ ఇన్' అనాలి."

బంగారయ్య తల్లి ముఖం చూశాడు, గంగను చూశాడు. కానీ తప్పు తప్పే.

"పదమ్మా, ఇంటికి."

"ఇంత దూరం వచ్చా కదరా," అంది నూకాలమ్మ, కళ్ళనీళ్ళతో కాలు వెనక్కి తీసుకుంటూ.

పక్కన మునుగుతున్న తెలుగు ముసలావిడ అంతా వింది. "గంగమ్మకి ఏ మాటైనా ఒకటే తల్లీ," అంటూ దోసెడు నీళ్ళు తెచ్చి నూకాలమ్మ నెత్తిన పోసింది. నూకాలమ్మ మొహం వెలిగిపోయింది.

బంగారయ్యకి కంగారు పుట్టింది. తువ్వాలుతో తల్లి తల తుడిచి, ఆ తువ్వాలుని గంగలోకే పిండాడు. "ఈ దోసెడూ విడిగా అట్టేపెట్టమ్మా," అని గంగమ్మకి దణ్ణం పెట్టాడు. "మొదటి నుంచీ మళ్ళీ వచ్చి పట్టుకెళతాం."

బంగారయ్యను మరిచిపోయినా పర్వాలేదు. ఆ ముసలావిడ పోసిన దోసెడు నీళ్ళు గుర్తుంచుకోండి. మీ పక్కన ఎవరైనా ఒడ్డునే ఆగిపోతే, మీరూ ఒక దోసెడు పొయ్యండి.