కాఫీ పొట్టుకి కొత్త జాలీ

మా నాయనమ్మ ఏటా అమ్మవారికి కాఫీ నైవేద్యం పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఈ కథ ఎత్తుకునేది.

కొండమీది కాఫీ తోటలో నూకాలు అనే ఎలుగుబంటి ఉండేది. వాళ్లమ్మ వదిలి వెళ్లిన కాఫీ గింజలు వేపే డబ్బా దాని ఆస్తి. కింద నిప్పులు, పైన తిరిగే డబ్బా, వెనక తిత్తి. తిత్తి ఊదితే గింజల ఎండుపొట్టు గొట్టంలోంచి ఎగిరొస్తుంది. గొట్టం చివర ఇనప జాలీ దాన్ని పట్టుకుంటుంది. ఆ వేసవిలో జాలీకి చిల్లులు పడ్డాయి. నిప్పంటుకున్న పొట్టు ఎగిరి, పొరుగున కుందేలు పైడమ్మ గడ్డివాము ఓ పక్క కాలింది.

తెల్లారితే అమ్మవారి పండగ. తొలి కాఫీ నూకాలు ఇంటినుంచే వెళ్లాలి. వాళ్లమ్మ నాటినుంచి ఒక్క ఏడూ తప్పలేదు.

"జాలీ లేకుండా వేపితే కొండంతా అంటుకుంటుంది అత్తా. ఈసారికి పచ్చి గింజలే పెట్టేద్దాం," అంది పైడమ్మ.

"మా అమ్మ ఉంటే ఆ మాటకి నీ చెవులు మెలేసేది."

కోళ్లగూటి వల కట్టి చూశారు. పొట్టంతా జారిపోయింది. పిండి జల్లెడ పెట్టారు. గాలాడక డబ్బా పొగ కక్కింది.

అప్పుడొచ్చాడు నక్క సింగన్న, చంకలో జాలీతో. "పాడుబడ్డ బంగళాలో దొరికింది అక్కా, సరిగ్గా నీ గొట్టం కొలత! నీ చూరుకి వేలాడే ఆ తేనెపట్టు ఇచ్చేయ్, వెళ్తాను. పిల్లలు చూస్తుంటారు."

"నీకు పిల్లలెక్కడయ్యా?" అంది పైడమ్మ.

"మా అన్న పిల్లలు నా పిల్లలు కారా?"

నూకాలు జాలీని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇనుముతో పాటు వేపబంక వాసన తగిలింది. చిరుగుకి బంక రాసి, పైన బూడిద అద్దారన్నమాట. గొట్టం ముందు నేలంతా నీళ్లు చల్లింది.

"మా ఇంటి ఆనవాయితీ ఒకటుంది తమ్ముడూ. జాలీ తెచ్చినవాడు తొలి వేపుడుకి గొట్టం ఎదురుగా కూర్చోవాలి. అయ్యాక తేనెపట్టు నీదే."

"నాకు దగ్గక్కా."

"నీ సరుకంటే నీకే భయమా?" అంది పైడమ్మ.

ఒక్క వాయికి బంక ఆగకపోతుందా అనుకుని సింగన్న కూర్చున్నాడు. పైడమ్మ తిత్తి ఊదింది. గింజలు చిటపటమన్నాయి. వేడికి బంక కరిగి బొట్లు బొట్లుగా కారింది. ఆ వెంటే నిప్పు పొట్టు వచ్చి సింగన్న తోక మీదే వాలింది. వాడు కేకపెట్టి నీళ్ల కుండలో తోక ముంచాడు.

"చల్లారిందా తమ్ముడూ?" అంది నూకాలు నెమ్మదిగా. "ఇక ఆ రెండోది పట్రా."

"రెండోది ఉందని నీకెవరు చెప్పారు?"

"మంచిది దాచుకోకుండా నువ్వు చెడ్డది ఇస్తావా?"

సింగన్న తలొంచుకుని వెళ్లి, చిరుగులేని జాలీ తెచ్చి, ఎవరూ చెప్పకుండానే గొట్టం ముందు కూర్చున్నాడు. ఈసారి పొట్టు రేకైనా బయటికి రాలేదు.

పొద్దున్నే తొలి కాఫీ అమ్మవారికి చేరింది, తేనెపట్టుతో సహా. చిరుగు జాలీతో బేరం చెడగొట్టుకున్న సింగన్నకి దక్కింది అందరితోపాటు చేతిలో ఓ తేనెచుక్క ప్రసాదం.

తన సరుకు ఎదుట తాను కూర్చోలేనివాడి దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు.