బుర్రవారి బాతు కార్జం

కొల్లేటి ఒడ్డున గుల్లమెరక అనే ఊళ్ళో బుర్ర గవరయ్య ఉండేవాడు. ఇంట్లో మనుషులు ముగ్గురే: గవరయ్య, పెళ్ళాం తాయారు, తమ్ముడు పెద్దిరాజు. పెరడు నిండా బాతులు. ముగ్గురికీ కలిపి తెలివి ఎంతుందో ఎవరూ తూచలేదు గానీ, ఉందన్న నమ్మకం మాత్రం ఊరందరికీ పంచినా మిగిలేంత ఉండేది.

"లోకంలో ఎవడికైనా బుర్ర ఒక్కటే. మాకు రెండు. మెడ మీద ఒకటి, పేరు ముందు ఒకటి" అనేవాడు గవరయ్య మీసం దువ్వుకుంటూ.

"అందుకేగా మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం! అంతకంటే తెలివేముంటుంది?" అనేది తాయారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేలల్లో రాలిన గింజ లేదు, కాలవల్లో నత్త లేదు. బాతులు ఖాళీ కడుపులతో ఇల్లు చేరి గవరయ్య వంక గుడ్లప్పగించి చూసేవి. ఆ చూపు తట్టుకోలేక గవరయ్య తన కంచంలో అన్నం వాటికే పెట్టి మంచినీళ్ళు తాగి పడుకునేవాడు. బేరగాడికి అమ్మెయ్యమని ఊరంతా చెప్పింది. బుర్రవారింట్లో గుడ్లు అమ్మడమే గానీ బాతు మీద కత్తి పెట్టడం ఎరగరు. వాడికి మనసొప్పలేదు.

అలాంటి సమయంలో టౌన్నుంచి మాధవకుమార్ కారేసుకుని వచ్చాడు. వంట నేర్చుకోవడానికి ఫ్రాన్సు దాకా పోయి, తిరిగొచ్చి టౌన్లో పెద్ద హోటలు తెరిచిన మనిషి. అందరూ మాస్టారూ అంటారు.

"నాకు ఫ్వాగ్రా కావాలి" అన్నాడు మాస్టారు దిగీ దిగగానే.

పెద్దిరాజు చెవిలో అది "వాగరా" అని పడింది. అంతే! "మొన్న మా నల్లబాతు గుడ్డు పెట్టిందండి, పెట్టిన గుడ్డు దొర్లిందండి, దొర్లిన గుడ్డుని మా వదిన తొక్కిందండి, తొక్కిన కాలు కడుగుతుంటే చెంబు దొర్లిందండి..." అని ఎత్తుకున్నాడు.

"ఏంటయ్యా ఈ వాగుడు?"

"తమరేగా వాగరా అన్నారు! ఆపమనండి, ఆపుతాడు" అన్నాడు గవరయ్య.

మాస్టారు ఓపిగ్గా కూర్చుని విడమరిచి చెప్పాడు. ఫ్రాన్సులో బాతుని బాగా బలిపించి దాని కార్జం తింటారట. మామూలు కార్జం కాదు, అరచెయ్యంత, వెన్నముద్దలాంటిది. నోట్లో పెట్టుకుంటే పంటికి పనుండదట. ఒక్క ముక్క కోసం గొప్పవాళ్ళు విమానాలెక్కి పోతారట.

"హోటల్లో పెద్ద విందు పెడుతున్నాను. ఒక్క బాతు తయారుచేసి ఇవ్వు. మొక్కజొన్న బస్తాలు నేను పంపిస్తా. విందు బాగా జరిగిందా, ఎండాకాలమంతా నీ మంద మేత నాది. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటే. బాతుకి కొవ్వెక్కాలి."

ఒక్కటి పోతే మిగిలినవన్నీ బతుకుతాయి. గవరయ్య చాలాసేపు గొణుక్కుని, ఆఖరికి తలూపాడు.

కారు వెళ్ళాక ముగ్గురూ ఆలోచనలో పడ్డారు.

"కొవ్వు ఎక్కాలన్నాడు. ఎక్కడానికి కొవ్వుకి కాళ్ళుండవు కదే?" అన్నాడు గవరయ్య.

"మనమే ఎక్కించాలి" అంది తాయారు.

ఇంకేముంది! కటికవాడి దగ్గర మేకకొవ్వు తెచ్చి, బాతుకో ముద్ద చొప్పున వీపుకెక్కించి, జారకుండా అరటినారతో కట్టారు. వాసన పట్టి ఊళ్ళో కాకులన్నీ దిగాయి. కాకుల వెనక కుక్కలు. బాతులు పోయి చెరువులో పడ్డాయి, బాతుల వెనక కుక్కలు పడ్డాయి, కుక్కల వెనక పెద్దిరాజు పడ్డాడు. వాడికి ఈతొస్తే గదా! వాణ్ణి బయటికి లాగేసరికి పొద్దు గూకింది.

మర్నాడు మాస్టారొచ్చి చూసి నెత్తి బాదుకున్నాడు.

"బయట కాదయ్యా, లోపలికి! నోట్లో గొట్టం పెట్టి మొక్కజొన్న జావ పొయ్యాలి. పూటపూటకీ గొంతుదాకా పొయ్యాలి. వద్దని మొత్తుకున్నా వినకూడదు. తెలిసిందా?"

"ఆ మాత్రం తెలీదా అండీ!"

కారు మలుపు తిరిగాక తాయారుకి అనుమానమొచ్చింది. "ఎవరి నోట్లోనో చెప్పలేదేంటి?"

గవరయ్య తల గోక్కున్నాడు. "నా నోట్లో అంటే, నేను ఇంటి పెద్దని, దగ్గరుండి చూసుకోవాలి. నీ నోట్లో అంటే, నువ్వు పొయ్యాలి. ఇంక ఎవరున్నారు?"

ఇద్దరూ పెద్దిరాజు వంక చూశారు.

పెద్దిరాజు వద్దని మొత్తుకున్నాడు. వినకూడదన్నారుగా, వాళ్ళు వినలేదు. కొన్నాళ్ళకి వాడు మొత్తుకోవడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకి పూట ఆలస్యమైతే తనే గొట్టం పట్టుకొచ్చి వదిన ముందు కూర్చునేవాడు. బుగ్గలు బూరెలయ్యాయి, పొట్ట బానయ్యింది. జావ పోగా మిగిలిన గింజలు బాతులకి చల్లారు. అవి కడుపునిండా తిని తేరుకున్నాయి.

ఈ సంగతి టౌన్లో నోరులేని జీవాల రక్షణ సంఘం దాకా పోయింది. అధ్యక్షురాలు కోమలాదేవి గారు సంఘం వాళ్ళని వ్యాన్లో ఎక్కించుకుని నినాదాలతో దిగింది.

"గొట్టంతో మేపుతున్నారట! దారుణం! ఏదీ ఆ జీవి? ముందు చూపించండి!"

తాయారు మర్యాదగా లోపలికి తీసుకెళ్ళి చూపించింది. పెద్దిరాజు గోడకి జారబడి ఉన్నాడు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి నమస్కారం మాత్రం పెట్టాడు.

కోమలాదేవి గుండె మీద చెయ్యేసుకుంది. "హమ్మయ్య! మనిషేనా! బాతేమోనని హడిలి చచ్చాం!"

సంఘం వాళ్ళందరి ప్రాణం కుదుటపడింది. దారిలో కట్టించుకొచ్చిన కోడి బిర్యానీ పొట్లాలు విప్పి గవరయ్య అరుగు మీదే తృప్తిగా తిన్నారు. వ్యానెక్కుతూ కోమలాదేవి వేలు చూపించి చెప్పింది.

"అయినా జాగ్రత్త! ఆ బాతుల స్థానంలో మీరుండి చూడండి, వాటి బాధేంటో తెలుస్తుంది."

అంతే! ఆ పూటే బాతుల్ని ఇంట్లోకి తోలి, ముగ్గురూ పోయి బాతుల దడిలో కూర్చున్నారు. బాతులు నులకమంచం ఎక్కాయి. ఉట్టి కింద సభ తీర్చాయి.

"నిజమేనే, బాధ తెలుస్తోంది" అన్నాడు గవరయ్య కాసేపటికి.

"ఏం బాధ?"

"కింద తడి."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. దడి సందులోంచి ఇంట్లో తిరుగుతున్న బాతులు కనిపించాయి. కుంటిది, నల్లది, మెడ మీద మచ్చున్నది. అన్నీ వాడి చేతి మీద పెరిగినవే. వీటిలో దేన్నని పట్టుకుని ఇచ్చేది? వాడికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయ్యింది. తాయారు అది చూసి జావ తాగమంది.

విందు రోజు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశాడు.

"గొట్టంతో మేపినదాన్ని బుట్టలో పెట్టి పట్టుకొచ్చెయ్ గవరయ్యా. కొయ్యడం మావాళ్ళు చూసుకుంటారు."

గవరయ్య ఎగిరి గంతేశాడు. "తాయారూ! బాతుని తెమ్మన్లేదే! గొట్టంతో మేపినదాన్ని తెమ్మన్నాడు!"

"మరి కొయ్యడమంటే?" అంది తాయారు.

"కోతలేమోలే వదినా. పెద్ద హోటళ్ళలో కోతలు కోసేవాళ్ళు ఉంటారంట" అన్నాడు పెద్దిరాజు, బుట్టలో కాలు పెడుతూ.

మరిదికి దారిలో ఆకలేస్తుందని తాయారు వేరుశెనగపప్పూ నువ్వులూ మెత్తగా రుబ్బి, వెన్న కలిపి, పెద్ద ముద్ద చేసి అరిటాకులో చుట్టి వాడి ఒళ్ళో పెట్టింది.

గవరయ్యా తాయారూ బుట్ట మోసుకొచ్చి హోటలు వంటగదిలో దింపితే, అక్కడివాళ్ళు మూత తీశారు. పెద్దిరాజు లేచి నిలబడి, "నమస్కారమండీ. ముందు తమరు కోస్తారా, నన్ను వాగమంటారా?" అన్నాడు.

మాస్టారు అక్కడే చతికిలబడ్డాడు. హాల్లో పెద్ద పెద్దవాళ్ళు చెంచాలు చప్పుడు చేస్తున్నారు. కోమలాదేవి కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. అదేంటండీ అని ఎవరో అడిగితే, "ఎదిరించాలంటే ముందు రుచి తెలియాలిగా" అంది.

దిక్కుతోచని మాస్టారి కళ్ళు అరిటాకు పొట్లం మీద పడ్డాయి. విప్పాడు. అదే రంగు. అదే మెత్తదనం. ఏడవలేక నవ్వి, కత్తి తీసుకుని పల్చటి ముక్కలు కోశాడు. పెనం మీద అటూ ఇటూ తిప్పి, పక్కన నేరేడుపళ్ళ రసం పోసి, పింగాణీ పళ్ళాల్లో పంపించేశాడు.

అందరూ తలో ముక్కా నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూతలు పడ్డాయి.

"పారిస్‌లో తిన్నదే! అచ్చం అదే!" అన్నాడు ఒక బట్టతల పెద్దాయన.

"నాలిక మీద బాతు ఈదుతున్నట్టుంది" అన్నాడు ఇంకొకాయన.

కోమలాదేవి కళ్ళు ఒత్తుకుంది. "పాపం, ఎంత క్షోభపడిందో! ప్రతి ముక్కలో తెలుస్తోంది. ఇంకో రెండు వెయ్యండి."

ఇంత గొప్పగా మేపిన మనిషిని చూడాలని బట్టతలాయన పట్టుబట్టాడు. గవరయ్యని లోపల్నుంచి పిలుచుకొచ్చారు. పళ్ళెం చూపించి, "ఇది ఎవరిదయ్యా?" అని అడిగాడు పెద్దాయన.

గవరయ్య వంగి చూశాడు. అరిటాకు పొట్లంలో ముద్ద. గుర్తుపట్టాడు.

"మా తమ్ముడిదేనండి."

"తమ్ముడంటే?"

"పెద్దిరాజండి. ఇన్నాళ్ళూ గొట్టం పెట్టి మేము మేపింది వాణ్ణేగా! ఇందాకే బుట్టలో తెచ్చాం. అంతా తమరే తినేశారు, పాపం వాడికంటూ ఏమీ మిగల్లేదు."

అంతే! పళ్ళాలు ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. "అయ్యో, ఆ రోజు మనిషేగా అని వదిలేసి వచ్చానే!" అని కోమలాదేవి బోర్లా పడిపోయింది. సరిగ్గా అప్పుడే వంటగది తలుపు తీసుకుని పెద్దిరాజు వచ్చాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "అన్నయ్యా, లోపలంతా ఖాళీగా ఉంది" అన్నాడు. ఇంకేముంది! తలుపులోంచి పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళు కిటికీల్లోంచి పోయారు. పడిపోయిన కోమలాదేవే అందరికంటే ముందు కిటికీ దాటింది.

ఖాళీ హాల్లో మాస్టారు రెండు చేతులూ జోడించాడు.

"మీకో దణ్ణం! కొట్లో ఉన్న మొక్కజొన్నంతా పట్టుకుపొండి. బాతుల్ని మేపుకోండి, మీరే మేసుకోండి. జన్మలో నా కళ్ళముందు మాత్రం కనపడకండి!"

గవరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక్క బాతూ పోలేదు, మేతా దొరికింది. ఇంత మంచి మనిషి మాట పొల్లుపోనివ్వకూడదనుకున్నాడు.

"కళ్ళముందు కదా వద్దంది" అంది తాయారు.

"వెనకైతే పర్లేదు" అన్నాడు పెద్దిరాజు.

ముగ్గురూ గబగబా మాస్టారి వెనక చేరారు. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. వాళ్ళూ ఆయన చుట్టూ తిరిగి వెనక్కే వెళ్ళారు. ఆయన పరిగెత్తుకుపోయి కారెక్కాడు. వాళ్ళు వెనక సీటెక్కారు. ఆయన హడావుడిగా కారు పోనిస్తూ ముందున్న చిన్న అద్దంలోకి చూశాడు.

"ఓరి నాయనో, అద్దంలో మనం ఆయన కళ్ళముందే కనపడుతున్నాం!" అని తాయారు కేక పెట్టింది.

గవరయ్య ఆలస్యం చెయ్యలేదు. వెనకనుంచి రెండు చేతులూ చాపి మాస్టారి కళ్ళు గట్టిగా మూసేశాడు. కారు రోడ్డు దిగింది, గట్టు దిగింది, పంటకాలవలోకీ దిగింది. సీటుదాకా నీళ్ళొచ్చినా గవరయ్య చేతులు మాత్రం తియ్యలేదు.

"ఇప్పుడేమన్నా కనపడుతున్నామా అండీ?" అని మర్యాదగా అడిగాడు.