బామ్మర్ది పట్టాల్సిన తాడు

రండర్రా, దగ్గరికి జరగండి. బెంచీలు చాలకపోతే చాప పరుచుకుని కూచోండి. వెనకాల ఆ గుసగుసలు ఆగితే మొదలుపెడతాను.

నల్లమల అంచున ఒక ఫకీరు ఉండేవాడు. దగ్గుకీ ఆయాసానికీ తేనెతో లేహ్యం చేసి ఊరికే పంచేవాడు. అందరూ ఆయన్ని తాత అనేవాళ్ళు. ఆయన దగ్గర మౌలాలి అని ఒక శిష్యుడు చేరాడు. అంతకుముందు పదేళ్ళు కిరాణా కొట్లో తూకం వేసినవాడు. గింజ రాలినా ఎవరు నొక్కేశారా అని వెతికే కన్ను వాడిది.

తాతకి తేనె తెచ్చేది అంకన్న అనే చెంచు. జనం తాతకి ఇచ్చిన బియ్యంలో సగం తేనెకి బదులుగా అంకన్న ఇంటికి పోయేది. అదే ఆ ఇంటి తిండి.

ఆ ఏడు మూడు కుండలు రావాల్సినచోట ఒక్క కుండే వచ్చింది.

"మిగతా రెండూ ఎవరికో అమ్ముకున్నాడు తాతా," అన్నాడు మౌలాలి. "ఈ ఒక్కదాంట్లోనూ బెల్లం పాకం కలిపే ఉంటాడు."

అంకన్న ఎదుటే పరీక్షలు మొదలెట్టాడు. చుక్క నీళ్ళలో వేస్తే చెదరకుండా అడుగుకి దిగింది. వత్తికి రాసి అంటిస్తే వెలిగింది. కుక్క ముందు పెడితే, అసలు తేనెని ముట్టదన్నట్టే అది వాసన చూసి తల తిప్పుకుంది.

"చూశావుగా," అన్నాడు తాత.

"చూశాను. అన్నిటినీ తట్టుకుందంటే మనిషి కల్తీలో ఎంత ఆరితేరాడో! ఇతణ్ణి మానేద్దాం తాతా. కింద ఊళ్ళో షావుకారు అడిగినన్ని తేనె డబ్బాలు ఇస్తానంటున్నాడు."

అంకన్న మొహం పాలిపోయింది.

"రేపు పొద్దున్నే మేమూ కొండకి వస్తాం," అన్నాడు తాత అంకన్నతో.

మంచిదే, దొంగతనం కళ్ళారా చూడొచ్చు అనుకున్నాడు మౌలాలి.

తెల్లారి ముగ్గురూ కొండ అంచుకి చేరారు. కింద, లోయ వైపు బండకి చేటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. అంకన్న పెళ్ళాం ఈదమ్మ అప్పటికే అక్కడుంది.

"మా తమ్ముడికి చలిజ్వరం, లేవలేదు," అంది మొగుడితో. "నా చేతిలో బుట్ట తాడుంటది. నీ తాడు ఎవరు పడతారు?"

"మౌలాలి ఉన్నాడుగా," అన్నాడు తాత.

"ఈయనా? మా తేనె కుక్కకి పెట్టినాయనా? తాతా, తాడు పట్టేది బామ్మర్దే. తోడబుట్టినదాని బొట్టు చెరుపుకోడని. ఈయన మాకు ఏమైతాడు?"

అంకన్న నవ్వాడు. తాడు నడుముకి బిగించాడు. రెండో కొసని చెట్టు మొద్దుకి ఒక చుట్టు తిప్పి మౌలాలి చేతుల్లో పెట్టాడు.

"ఈ పూటకి నువ్వే నా బామ్మర్దివి," అని, పచ్చాకుల పొగకట్ట పట్టుకుని అంచు దాటి దిగిపోయాడు.

ఈదమ్మ బుట్ట దించింది. చూపు మాత్రం మౌలాలి చేతుల మీదే. చెమట తుడుచుకుందామని వాడు మోచెయ్యి కదిపాడు.

"వదలకు!"

"వదల్లేదమ్మా."

"వదుల్తావేమోనని."

మౌలాలికి ఒళ్ళు మండింది. వాణ్ణి ఇంతవరకూ ఎవరూ అలా చూడలేదు.

ఇంతలో తాడు వదులైంది. ఏ బండ సందులోనో నిలబడి తేనె దాస్తున్నాడనుకుని మౌలాలి మెడ చాచి చూశాడు. అంకన్న ఒక పట్టులో తేనె ఉన్న మూల మాత్రం కోశాడు. మిగిలింది అలాగే వదిలేశాడు. పక్క పట్టుని ముట్టనే లేదు.

"ఇంకా బోలెడుందిగా, కొయ్యవేం?" అని అరిచాడు మౌలాలి.

"పట్టులో ఈగ పిల్ల ఉంది!" కిందనుంచి గొంతు వచ్చింది. "ఈ ఏడు అడవిలో పూత తక్కువ. వాటికే చాలదు!"

అవతల ఇంకో బండ మసిబారి ఉంది. దానికి ఒక్క పట్టూ లేదు.

"అక్కడేమైంది?"

"నీ డబ్బాల షావుకారు మనుషులు మంటపెట్టారు," అంది ఈదమ్మ, చూపు తిప్పకుండానే. "పిల్లతో సహా పిండుకుపోయారు. నాలుగేళ్ళైంది. మళ్ళీ ఈగ వాలలే."

అంతలోనే కింద రాయి జారిన చప్పుడు. తాడు ఒక్కసారిగా లాగేసింది. వాడు మోకాళ్ళ మీద మొద్దు దాకా ఈడ్చుకుపోయాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

"బావా! పట్టుకున్నా బావా!"

అని అరుస్తూ మౌలాలి మొద్దుకి కాలు తన్నిపెట్టి లాగాడు. ఈదమ్మ బుట్ట తాడు వదిలేసి వచ్చి చెయ్యి వేసింది. తాతా వేశాడు. చాలాసేపటికి అంకన్న తల అంచు మీద కనిపించింది. మొహమంతా ఈగలు కుట్టిన దద్దుర్లు. బుట్ట లోయలో పోయింది. భుజాన కట్టుకున్న సొరబుర్రలో మిగిలిందే ఆ రోజు తేనె.

ఈదమ్మ ముందు మొగుడి నడుము తడిమి చూసింది. తరవాత మౌలాలి చేతులు పట్టుకుని, సొరబుర్ర వంచి, తోలు లేచినచోట తేనె రాసింది.

తాత పక్కన కూచున్నాడు.

"ఆవిడ నీ చేతుల మీంచి చూపు తిప్పలేదు. అందుకేనా అంత గట్టిగా పట్టావు?"

మౌలాలి మనసు చివుక్కుమంది. "అదేం మాట తాతా! ఆవిడ చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి?"

తాత లేచి కర్ర అందుకున్నాడు.

"మరి ఆ కొండ చాటున అంకన్నని ఇన్నేళ్ళూ ఎవరు చూశారు?"

మౌలాలి సొరబుర్రని తన భుజానికి ఎత్తుకున్నాడు. అంకన్నని ముందు నడవనిచ్చి, వెనకే కొండ దిగాడు.

అదర్రా. జవాబు నాకు చెప్పక్కర్లేదు. పొద్దు వాలింది, మీ అమ్మలు కేకలేసేలోపు ఇళ్ళకి పొండి. చేతులు కడుక్కుని, వేడిగా ఉన్నప్పుడే అన్నం తినండి.